గొర్రె దగ్గు వినిపించే స్పీకర్లు

2020 వేసవిలో నేను జడ్చర్లలో పశువైద్య శాఖ సహాయ సంచాలకురాలిగా ఉన్నాను. అంటే కొన్ని మండలాల పశువైద్యుల పనిని చూసుకునే అధికారి. ఈ హోదాకు వచ్చేసరికి కుర్చీ పెద్దదవుతుంది, సిరంజి పట్టే పని తగ్గిపోతుంది. కరోనా వల్ల ఆఫీసుకు అందరూ రోజూ రావద్దన్నారు. వేసవి మేతకు మందలు తోలుకుని దూరం పోయిన కాపరులేమో ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. వాళ్లకు ఫోన్లోనే సలహాలు చెప్పమని పైనుంచి ఆదేశం. మా ఇంట్లో బియ్యం బస్తాలు వేసుకునే చిన్న గదిలో ఒక మూల ఖాళీ చేసి, పాత కంప్యూటరు పెట్టుకుని, దానికే ఆఫీసని పేరు పెట్టాను.

కాపరులు వాట్సాప్‌లో వీడియోలు పంపేవారు. మా వైద్యంలో రోగి నోరు విప్పి చెప్పదు. చూడాలి, తాకాలి, వినాలి. ఫోన్లో తాకడం కుదరదు. చూద్దామంటే, ఎండలో తీసిన వీడియోలో గొర్రె కంటే కాపరి బొటనవేలే ఎక్కువగా కనిపించేది. ఇక మిగిలింది వినడం. ముక్కులో పురుగులు చేరిన గొర్రె తుమ్ముతుంది, ఊపిరితిత్తులు చెడిన గొర్రె తడిగా దగ్గుతుంది. ఫోన్లో ఉండే బుల్లి స్పీకరులో ఈ రెండూ ఒకేలా గరగరమనేవి. చెవుల్లో పెట్టుకునేవి నాకు పడవు, కాసేపటికే చెవిపోటు వస్తుంది. అందుకని కంప్యూటరుకు స్పీకర్లు కావలసి వచ్చాయి. శాఖ ఇచ్చే వస్తువు కాదు కాబట్టి నా జీతంలోంచే, చవకలో చూసుకోవాలి.

దుకాణాలు తెరవనిచ్చిన కొత్తలో మా ఆయన ఉత్సాహంగా వెళ్లి ఒక సెట్టు తెచ్చారు. ఒక పెద్ద నల్ల డబ్బా, పక్కన రెండు చిన్నవి, నీలం లైట్లు, రిమోటు, పెన్‌డ్రైవు పెట్టుకునే చోటు. పాట పెడితే బియ్యం బస్తాలు కూడా అదిరాయి. కాపరి వీడియో పెడితే మాత్రం గాలి ధబధబమంది, కాపరి గొంతు బానలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చింది. గొర్రె జాడే లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నాను. ఆయన రిమోటును బియ్యం బస్తా మీద పడేసి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున కుర్మయ్య ఫోన్ చేశాడు. మా మండలం కాపరి. మంద మాత్రం కొల్లాపూర్ దిక్కున కృష్ణ ఒడ్డు ఊళ్లలో ఉంది. వేసవిలో రైతులు తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. రాత్రిళ్లు గొర్రెలు అక్కడ పడుకుంటే భూమికి ఎరువు, కాపరికి గింజలు. ఆ ఊరివాళ్లే ఇప్పుడు అతన్ని పొమ్మంటున్నారు.

"డాక్టరమ్మా, గొర్లు దగ్గుతున్నయ్. మొన్న రెండు మూడు దగ్గినయ్, ఇయ్యాల సగం మంద దగ్గుతాంది. అంటురోగమంట, మా జీవాలకు తగుల్తది, తోలుకపో అంటున్నరు. తొవ్వ పొంటి పోలీసులాయె, యాడికి తోలాలె? బేరగాడు వచ్చిండు. పొద్దుగూకంగ బండి తెస్తనన్నడు. వచ్చినకాడికి అమ్ముకొమ్మంటున్నరు అందరు. మంద పోతే నేను కూలికి పోవుడేనమ్మా."

ఏం మందు పోశావని అడిగాను. కడుపులో పురుగులు పోవడానికి వానలకు ముందు పోసే నట్టల మందు పోశాడట. దగ్గు మొదలయ్యాక దగ్గు మందు కూడా పోస్తున్నారట. మందులు సరైనవే, మోతాదూ సరైనదే. పారుడు, అంటే విరేచనాలు, లేదు. నోట్లో పుండ్లు లేవు. అంటువ్యాధి అని చెప్పడానికి ఆధారం చాలదు, కాదని చెప్పడానికీ చాలదు. కాదని నేను చెప్పి, అది అంటురోగమే అయితే చుట్టుపక్కల మందలన్నీ పోతాయి. అవునంటే సాయంత్రానికి కుర్మయ్య మంద బండెక్కుతుంది. వీడియో పంపమన్నాను. పంపాడు. నల్ల డబ్బాలో పెట్టాను. మెడగంటలు, గాలి, ధబధబ. నాకు ఒళ్లు మండింది. డబ్బాను అట్టపెట్టెలో సర్ది దుకాణానికి బయలుదేరాను.

దుకాణాయన నవ్వుతూనే వెనక్కి తీసుకున్నాడు. వేరే సెట్టు బల్ల మీద పెట్టి, అలవాటు ప్రకారం తీన్మార్ పాట ఒకటి మోగించాడు. పాట వద్దు, నా ఫోన్ తగిలించమన్నాను.

"ఏందుంది మేడం దీంట్ల?" అన్నాడు.

"గొర్ల దగ్గు."

"గొర్ల దగ్గుకు స్పీకర్లా! నా సర్వీసుల గిట్ల అడిగినోళ్లు లేరు మేడం."

మొదటి జతలో గంటలు చెవులు చిల్లులు పడేలా మోగాయి. రెండోది లైట్లూ రిమోటూ లేని చిన్న జత. కంప్యూటరు నుంచే కరెంటు తీసుకుంటుంది, ముందువైపు చేత్తో తిప్పే బటనుంది. ఇది పాటలకు పనికిరాదు మేడం అని ముందే చెప్పాడు. పెట్టి చూస్తే గాలి వెనక్కి తగ్గింది, మనిషి గొంతు ముందుకు వచ్చింది. వీడియోలో కనిపిస్తున్న గొర్రె తడిగా దగ్గుతోంది. దాని వెనక, వీడియోలో కనిపించని చోట, ఇంకో గొర్రె గొంతులో గళగళమంటోంది. ఆ వెంటనే ఒక మగగొంతు: "ఇంక లేపు బావా, మూతి మీదికి లేపు, గప్పుడే దిగుతది."

అక్కడి నుంచే కుర్మయ్యకు ఫోన్ చేసి ఆ గొంతు ఎవరిదని అడిగాను. బామ్మర్ది మల్లేశ్‌దట. పట్నంలో మేస్త్రి పని చేసేవాడు, పనులు బందైతే అక్క దగ్గరికి వచ్చాడు. కుర్మయ్య కుడిచేతికి ముల్లు దిగి వాచింది. అందుకని కుర్మయ్య పట్టుకుంటే మల్లేశ్ పోస్తున్నాడు, వీడియో కుర్మయ్య భార్య తీసింది.

గొర్రెకు మందు తాగించేటప్పుడు దాని మూతి కన్ను మట్టాన్ని దాటి పైకి లేవకూడదు. దాటితే మందు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుర్మయ్యకు ఇది తెలియనిది కాదు. చెయ్యి నొప్పి, ఊరివాళ్ల ఒత్తిడి, బేరగాడి తొందర కలిసి అతని ధ్యాసను చెదరగొట్టాయి. దగ్గినకొద్దీ మందు పోశారు, పోసినకొద్దీ దగ్గు పెరిగింది. అయినా ఒక్క గొంతు విని తీర్పు చెప్పేయకూడదు. అందుకని మందు అసలు పోయని గొర్రెలున్నాయా అని అడిగాను.

"సూడి గొర్లకు పోయలేదమ్మా. ఈనేదాక పోయొద్దని."

"అవి దగ్గుతున్నయా?"

 ఫోన్లో మెడగంటల చప్పుడు వినిపిస్తోంది, మందలోకి నడిచి చూస్తున్నాడని అర్థమైంది.

"లేదమ్మా," అన్నాడు. "ఒక్కటి గుడ దగ్గుతలేదు."

చుక్క మందు కూడా పోయొద్దని, దగ్గేవాటిని వేరు చేయమని, అమ్మొద్దని చెప్పాను. మందు ఆపితే చస్తాయి కదా అని భయపడ్డాడు. పోస్తేనే చస్తాయని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మంద ఉన్న మండలం పశువైద్యుడు వేరే ఊళ్లో ఉంటే, ఆ మధ్యాహ్నమే మంద దగ్గరికి వెళ్లమని అడిగాను. ఆయన వెళ్లి జ్వరాలు చూసి, మందు పోసినవాటికి, పోయనివాటికి తేడా చూసి, అంటురోగం కాదని ఊరివాళ్ల ముందు చెప్పాడు. దగ్గేవాటికి సూదులు వేశాడు. బేరగాడి బండి ఖాళీగా తిరిగిపోయింది. ఊపిరితిత్తుల్లోకి మందు బాగా పోయిన కొన్ని గొర్రెలు దక్కలేదు. మంద దక్కింది. రెండు రోజులకు మల్లేశ్ ఫోన్ చేసి, ఆ గొర్రెలు తన చేతుల వల్లే చచ్చాయని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు, తలను ఎట్లా పట్టాలో చెప్పాను.

ఆ చిన్న జతనే కొన్నాను. పాటలకు పనికిరాదని మా ఆయన ఇప్పటికీ అంటారు, నిజమే. ఇంట్లో ఆఫీసు పెట్టుకునేవాళ్లు ఎవరైనా ఏ స్పీకర్లు కొనాలని అడిగితే పేరు చెప్పను. రోజూ వినాల్సింది ఏదో అది ఫోన్లో వేసుకుపోండి, దుకాణంలో దాన్నే వినండి, దుకాణాయన పెట్టే పాట వినొద్దు అంటాను. ఇక పనిలో మారింది ఒక్కటే. ఉద్యోగం విరమించేదాకా కాపరి ఎవరు ఫోన్ చేసినా ఏం మందు పోశావని తర్వాత అడిగేదాన్ని. ఎవరు పోశారు, ఎట్లా పట్టి పోశారు అన్నది ముందు అడిగేదాన్ని.