పట్టించుకోనక్కర్లేని మాటలు

ఉద్యమం రోజుల్లో సిద్దిపేటలో ఫోనెత్తి హలో అనేవాళ్లు తగ్గిపోయారు. ముందు జై తెలంగాణ, తర్వాతే అసలు సంగతి. పాలవాడితోనైనా అంతే. నేను డిగ్రీ చదివి నెట్ సెంటర్ పెట్టుకున్నవాణ్ణి కాబట్టి, అరవై తొమ్మిది నాటి తొలి ఉద్యమంలో జైలుకు పోయినవాళ్ల వివరాలతో వెబ్‌సైట్ చేసే పని ఊరి కమిటీవాళ్లు నాకు అప్పగించారు. ఆ పని నాకు వచ్చని వాళ్లనుకున్నారు. నేను కాదనలేదు.

ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, ప్రతి పేజీ చివర జై తెలంగాణ. వెతుక్కోవడానికి పైన ఒక డబ్బా పెట్టాను.

ఒక శనివారం మధ్యాహ్నం పక్క దుకాణం టైలర్ భాయ్ వచ్చాడు. మర్నాడు సన్మానం. సైట్‌లోని పేజీని ప్రింటు తీసి ఆ సాయంత్రం ఆరులోగా ఇచ్చినవాళ్లకే శాలువా అని కమిటీ తేల్చింది. భాయ్ వాళ్ల నాన్న నారాయణరావుపేటలో బట్టలు కుడుతూ కుడుతూ జైలుకు పోయిన మనిషి. రుజువుకు కాగితమేదీ మిగల్లేదు. పెద్దాయన చెప్తుంటే విని ఎక్కించింది నేనే. పేరును ఏ స్పెల్లింగుతో రాశానో, ఎక్కడ ఎక్కించానో మాత్రం గుర్తు లేదు.

భాయ్ చెప్తుంటే టైపు చేశాను. బస్టాండు ఎంక్వైరీ కిటికీ ముందు నిలబడ్డట్టు వరసగా చెప్పాడు: జై తెలంగాణ, నారాయణరావుపేట, టైలర్, మూడు నెలల జైలు, ఎడమ కాలికి దెబ్బ. జై తెలంగాణ అన్న రెండు మాటలు వదిలేద్దామనుకున్నాను గానీ ఆయన స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

ఫలితాలు లేవు అని వచ్చింది.

"అంటే మా అబ్బా జైలుకు పోలేదా తమ్మీ?"

పోయాడని ధైర్యం చెప్పి సెట్టింగుల్లోకి వెళ్లాను. అడిగిన మాటలన్నీ ఉన్న పేజీనే చూపాలని ఉంది. కాలి సంగతి నేను రాసి ఉండను. ఏ ఒక్క మాట ఉన్నా చూపమని మార్చాను. ఈసారి అందరూ వచ్చారు. ధూళిమిట్ట రైతు, ప్రజ్ఞాపూర్ హోటలాయన, జైలుకు పోయినవాళ్లకు అన్నం మోసినాయన, అందరూ. ఎందుకో కాసేపు అర్థం కాలేదు. జై తెలంగాణ లేని పేజీ ఏది కనుక? కంప్యూటర్ తప్పేమీ చేయలేదు, అదే నా బాధ.

ఇంకా కిందికి పోతే, పట్టించుకోనక్కర్లేని మాటలు ఇక్కడ రాయమని ఒక జాగా కనిపించింది. ఆ రెండు మాటలూ రాశాను. వెనక నుంచి భాయ్ చదివాడు.

"గా రెండు మాటలు అన్నందుకే మా అబ్బాను లోపలేసిన్రు. నువ్వేమో పట్టించుకోనక్కర్లేదంటున్నవ్."

"మిషన్‌కు చెప్తున్న భాయ్, మనుషులకు కాదు."

"మిషన్‌కైతే మాత్రం."

తీసేశాను. ఇక మిగిలింది ఒక్కో పేజీ తెరవడమే. అది త్వరగా తెమిలే పని కాదు. ప్రతి పేజీ దగ్గరా భాయ్ ఆగి, ఈయన లాగు కొలతలు మా అబ్బాకు నోటికి వచ్చు, ఆయన పెండ్లికి మేం పోయినం అంటూ చెప్తూనే ఉన్నాడు. గడియారం వైపు నేనొక్కణ్ణే చూశాను. ఆరుకు పది నిమిషాలుండగా దాదాపు చివర్లో పెద్దాయన దొరికాడు. నేను ఊరి పేరు రాయడం మరిచాను, టైలర్ అని కూడా రాయలేదు, దర్జీ అని రాశాను. ప్రింటు పట్టుకుని భాయ్ ఉరికాడు.

ఏ సెట్టింగు సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు. సైట్‌ను అట్లాగే వదిలేశాను.

ఆదివారం పెద్దాయన శాలువా కప్పుకుని, కాలీడుస్తూ మైకు దగ్గరికొచ్చి రెండే మాటలు అని వెళ్లి కూర్చున్నాడు. నేను ఆ జాగాలో రాసి తీసేసినవి అవే.