అందరికీ ఒకటే చాప

వేపాకూ పసుపూ కలిసిన వాసన ఎక్కడ తగిలినా, మొన్న ఖమ్మంలో మా ఎదురింటి గడపకు కట్టిన కొమ్మ నుంచి తగిలినా సరే, నాకు ముందుగా గుర్తొచ్చేది పోపు లేని పప్పు. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లతో జ్వరం వస్తే దాన్ని తట్టు అంటారు; మా ఊళ్లో మాత్రం అమ్మవారు వచ్చిందనేవాళ్లు. ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్లూ నూనె కాగకూడదు, ఆవాలు చిటపటలాడకూడదు, తల దువ్వకూడదు, మందు పేరెత్తకూడదు.

బూర్గంపాడు దాటి అడవిలోకి పోతే మా ఊరు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. ఎండలు ముదిరేవేళకు వాకిళ్లలో ఇప్పపూలు ఆరుతుండేవి. ఆ తియ్యటి మత్తు వాసనలో చిర్రగోనె ఆడి, మామిడి పిందెలకు ఉప్పూకారం అద్దుకు తిని, సాయంత్రం బీడీలకు పోయే తునికాకు కట్టలు కట్టే అమ్మ పక్కన చేరి, తునికి పండ్ల గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకునేవాళ్లం. మూడేళ్ల చెల్లె స్వరూప ఉమ్మిన గింజ గడ్డం మీదే పడేది. అయినా గెలిచానని అదే చప్పట్లు కొట్టుకునేది. అమ్మతోపాటు ఆకు కోతలకు తిరగడంలో మాకు లాగే దానికీ తట్టు టీకా తప్పిపోయింది.

ఆ ఎండాకాలం మేనత్త తన కొడుకు రాజును ఎత్తుకొచ్చింది. వాడికి జ్వరం, చెవుల వెనక అప్పుడే దద్దుర్లు. నాయనమ్మ గడపకు వేపకొమ్మలు కట్టి, తలుపులు మూసి, ఇంట్లోని పిల్లలందరినీ వాడి పక్కన ఒకటే చాప మీద పడుకోబెట్టింది. అది మావాళ్ల పద్ధతి. అమ్మవారు విడివిడిగా వస్తే ప్రతిసారీ నీళ్లు పోయాలి, ప్రతిసారీ కోడిని కోయాలి, ప్రతిసారీ కూలి మానుకోవాలి. అందరికీ ఒకేసారి వచ్చిపోతే ఒకటే పండగ. పెరుగన్నంలో రాజు వదిలిన ముద్దలు మేం పంచుకున్నాం. సంబరంగానే ఉండింది.

మర్నాడు టీకాల ఐస్ డబ్బా భుజానేసుకుని నర్సమ్మ వచ్చింది. అమ్మ స్వరూపను చంకనెత్తుకుని గడప దాకా వెళ్లింది. నాయనమ్మ అడ్డం నిలబడింది.

"అమ్మ కూసున్న ఇంట్ల సూది పొడుస్తవా బిడ్డా? ముందుగాల చెప్పులు దూరం బెట్టు."

"నేనే దూరం ఉన్న గదా పెద్దమ్మా. చిన్నదానికి ఇంకా రాలే. ఇయ్యాల ఏస్తే ఆగొచ్చు."

"అమ్మనే ఆపేటంత పెద్దదానివైనవా?"

వాకిట్లో ఆడవాళ్లు నవ్వారు. మా అమ్మ నవ్వలేదు, గడపా దాటలేదు.

తట్టు అందరికీ పోసింది. మేమంతా తేరుకున్నాం. స్వరూప మాత్రం కళ్లు ఎర్రబడి, వెలుతురు చూడలేక అమ్మ కొంగులో ముఖం దాచుకునేది. నాయనమ్మ ప్రేమగానే, ఏదో ఆకు నలిపి ఆ కళ్లలో పసరు పిండింది. నీళ్లు పోసి, కోడిని కోసి, అమ్మవారిని సాగనంపేసరికి ఎడమ కంట్లో తెల్లటి పువ్వు వేసింది. "ఒక కన్ను తీస్కొని పానం ఇడిచిపెట్టింది తల్లి," అని నాయనమ్మ దండం పెట్టింది. ఆ దండాన్ని నేను ఇంతవరకూ క్షమించలేకపోయాను.

తర్వాత నా ల్యాబ్ టెక్నీషియన్ చదువులో తెలిసింది, ఆ చాప ఎంత చక్కగా పనిచేసిందో. తట్టు వైరస్ దగ్గుతో, తుమ్ముతో గాలిలోకి వస్తుంది. మూసిన గదిలో మనిషి వెళ్లిపోయాక కూడా కొంతసేపు నిలుస్తుంది. కావలసినవి చిన్న పనులే: తొమ్మిది నెలలు నిండగానే ఒక టీకా, ఇప్పుడైతే ఏడాదిన్నర వేళకు ఇంకొకటి, జబ్బు పిల్లకు వేరే గది, తెరిచిన కిటికీ, కడిగిన చేతులు, దవాఖానాలో పోసే విటమిన్ ఎ. ఇందులో మా ఊరికి అందనిదేదీ లేదు. గడప దాకా వచ్చింది కూడా.

ఇప్పుడు మా వాకిలి ముందు ఇప్పచెట్లు లేవు, నాయనమ్మ లేదు, తునికి గింజల పందెం ఎవరికీ తెలియదు. వేపకొమ్మ మాత్రం ఖమ్మం దాకా వచ్చింది. మొన్న కొడుక్కి టీకా వేయించుకుని మా ఇంటికొచ్చిన స్వరూప దాన్ని చూసి, పిల్లాణ్ని నా చేతికిచ్చి మెట్ల కిందే ఉండమని, ఎదురింటి తలుపు కొట్టింది.

"పిల్లల కండ్లల్ల ఏం పొయ్యకు అక్కా. జల్దీ దవాఖానకు తీస్కపో."

"అమ్మవారమ్మా, గట్ల అనొద్దు," అంటూ ఆ ఇంటామె చెంపలేసుకుంది.

స్వరూప ముఖం తిప్పి, తెల్లబడిన కన్ను ఆమెకు కనబడేలా నిలబడింది. లోపల్నుంచి పప్పు ఉడుకుతున్న వాసన వస్తోంది. పోపు వాసన లేదు.