మాణిక్యమ్మ కూతురు

స్టెల్లా మా మేడమీద వాటాలో అద్దెకుండే నర్సు. నొప్పి తెలియకుండా సూది వేసే చెయ్యి తెనాలి మొత్తానికి దానిదొక్కటేనని నా నమ్మకం. డెబ్భై ఏడు ఉప్పెనలో బాపట్ల దగ్గర పసిగుడ్డుగా దొరికితే, మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసే జ్ఞానమ్మ తెచ్చి పెంచుకుంది. జ్ఞానమ్మ పోయాక దీనికి ఒకటే ధ్యాస, తనను కన్నవాళ్లెవరా అని.

ఉప్పెన వచ్చి ముప్పై ఏళ్లయిందని పేపరువాళ్లు దీని ఫొటో, కథ వేశారు. వారం తిరక్కుండా రేపల్లె నుంచి మాణిక్యమ్మ అనే పెద్దావిడ, కొడుకు పున్నారావును వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. వస్తూనే స్టెల్లా చీర పక్కకు తప్పించి, బొడ్డు పక్కనున్న మచ్చ చూసి బావురుమంది.

"నేనే పెట్టానే ఈ వాత! పసుపుకొమ్ము కాల్చి ఈ చేత్తోనే పెట్టాను తల్లీ!"

నాకు ఒళ్లు మండింది. పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే చాలు, పసుపుకొమ్ము కాల్చి పొట్టమీద చురక పెట్టని ముసలమ్మ ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఉండేదా? నాకూ ఉంది ఆ మచ్చ. అయితే నేనూ ఆవిడ కూతురినే కాబోలు! ఆ మాటే అంటే స్టెల్లా నవ్వలేదు.

"డీఎన్ఏ పరీక్ష చేయిద్దాం పిన్నీ. తేలిపోతుంది" అంది.

స్టెల్లా పనిచేసే ఆసుపత్రి డాక్టరుగారు ఇద్దరి రక్తం తీసి హైదరాబాదు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగమంటే మాణిక్యమ్మ ఆగితేనా! ప్రతి ఆదివారం రేపల్లె పిలిపించుకునేది. చర్చి అవగానే ఇది రైలెక్కేది. ఏళ్లుగా అన్నం సయించక ఎండిపోయిన మనిషి లేచి వంట మొదలుపెట్టింది. పుట్టింటి నుంచి పంపుతున్నట్టు ఒళ్లో చలిమిడి పెట్టి మరీ సాగనంపేది. పేపరువాళ్లకూ ఆత్రమే. తల్లీబిడ్డలు కలిశారని మళ్లీ ఫొటో వేసేశారు.

చివరికి ఒకరోజు డాక్టరుగారు పిలిచి, "లేదమ్మా, ఆవిడ నీ తల్లి కాదు" అని చెప్పారు.

స్టెల్లా ఆ సంగతి ముందు పున్నారావుకు చెప్పింది. అతను దీని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మకి మాత్రం చెప్పొద్దు చెల్లెమ్మా. నువ్వొచ్చాకే ఆవిడకి ముద్ద దిగుతోంది. రక్తం కలిసిందనే చెబుతాను. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇలా కానీయమ్మా."

"మరి నా వాళ్ల సంగతేంటి అన్నయ్యగారూ?"

"తర్వాత వెతుకుదాంలే."

ఎంత తేలిగ్గా అనేశాడో! "తల్లి దొరికేసిందని పేపర్లో చదివాక నీ కన్నవాళ్లు నిన్నెందుకు వెతుక్కుంటారే? వెళ్లి చెప్పెయ్" అని కేకలేశాను. వెళ్లేది. ఇది నోరు తెరిచేలోగా మాణిక్యమ్మ దువ్వెన తీసుకుని తల దువ్వడం మొదలుపెట్టేది. చెప్పకుండానే తిరిగొచ్చేది. ఒకసారి మెట్లమీద కూలబడి ఏడ్చేసింది.

"ఆవిడ ఎప్పుడు పోతుందా అని చూస్తున్నాను పిన్నీ. నర్సునయ్యుండి! ఇదేం పాపిష్టి బుద్ధి నాకు?"



ఇక లాభం లేదు, నేనే చెప్పేస్తానని ఓ ఆదివారం వెంట వెళ్లాను. వసారాలో మాణిక్యమ్మ గోంగూర అన్నం కలిపి స్టెల్లాకు ముద్దలు పెడుతోంది. నేను గొంతు సవరించుకుంటున్నాను. అంతలో ఎవరో ముసలాయన గుమ్మంలో ఆగాడు. చేతిలో మడతపెట్టిన పేపరుంది.

"ఉప్పెనలో దొరికిన అమ్మాయి ఇల్లు ఇదేనా అమ్మా? మా పాప కూడా అప్పుడే కొట్టుకుపోయింది. ఒకసారి చూసిపోదామని వచ్చా."

మాణిక్యమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇదిగో, నా కూతురే! రక్తపరీక్ష కూడా చేయించాం బాబూ, నా రక్తమేనని తేలింది."

ఆయన స్టెల్లా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "పోన్లే తల్లీ, ఒకరి బిడ్డయినా దొరికింది. చల్లగా ఉండు" అంటూ దాని తలమీద చెయ్యిపెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. స్టెల్లా నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. మాణిక్యమ్మ ఇంకో ముద్ద చేసి చేత్తో పట్టుకుని ఉంది. చెప్పేస్తానని బయల్దేరిన నాకూ నోరు పెగల్లేదు.

తిరుగు రైల్లో తెనాలి వచ్చేదాకా స్టెల్లా కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ కూర్చుంది. దిగబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనది ఏ ఊరో కూడా అడగలేదు పిన్నీ."