వల్లె వేయించిన వాంగ్మూలం

ఆ పిల్లకు నీళ్లు పోసింది నేనే. కోర్టులో బోనెక్కి ఈ మాట చెప్పాను. ఇక్కడ కూడా ముందు అదే రాస్తున్నాను.

పుంగనూరులో మా ఇంటి ముందుగదిలో శనివారం శనివారం పారాయణం జరుగుతుంది. ముప్ఫై ఏళ్లుగా నేనే చదివిస్తున్నాను. మా అంగళ్ల వీధి ఆడవాళ్లు వస్తారు. పల్లెల్లో గొర్రెలు మేపుకునే ఇళ్ల నుంచీ వస్తారు. చాలామందికి చదువు రాదు. నోటితో చెప్పి నోటికి నేర్పుతాను. మా నాయన నాకు అలాగే నేర్పాడు. ఒక్కో పాదం మూడుసార్లు, ఆ తర్వాత చివరి నుంచి మొదటికి. అక్షరం జారితే మళ్లీ మొదలు. దేవుడి మాటకు మనం ఒకటి కలపకూడదు, ఒకటి తీసేయకూడదు. ఆ నమ్మకం నాకు ఈనాటికీ సడలలేదు.

ఆ పిల్ల చిన్నప్పటి నుంచి వాళ్లమ్మతో కలిసి పారాయణానికి వచ్చేది. ఇది జరిగేనాటికి ఇరవై రెండేళ్లు. మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరే పని చేసేది. రోజూ బస్సులో పోయి బస్సులో వచ్చేది.

ఒక శనివారం పొద్దున పదిగంటలప్పుడు నేను దీపం వెలిగించి పుస్తకం విప్పుతున్నాను. ఆ పిల్ల వచ్చి గడపలో నిలబడింది. ఒక కాలికే చెప్పుంది. ఏమైందని అడిగేలోపే అనేసింది.

"డోరుకు తాడు కట్టేసినాడమ్మా. మా గొర్లకు కట్టే ముడి కాదు. ఎంత పీకినా ఊడలే."

మిగిలింది తర్వాత చెప్పింది. ముందురోజు సాయంత్రం బస్సు తప్పిపోయిందట. మండీకి సరుకు తోలే వ్యాను డ్రైవరు ఆమెకు తెలిసినవాడే. పుంగనూరులో దించుతానంటే ఎక్కింది. డోరు లాకు పోయిందని చెప్పి అతను దాన్ని తాడుతో బిగించాడు. పుంగనూరు వస్తే ఆపలేదు. వెంకటగిరికోట మీదుగా కుప్పం దాటించి, పాడుబడిన కోళ్ల షెడ్డుకు తీసుకుపోయి చెరిచాడు. తెల్లవారి అతను నిద్రలో ఉండగా తప్పించుకుని రోడ్డెక్కింది. దొరికిన బస్సు పట్టుకుని, ఇంటికి పోకుండా నా దగ్గరికి వచ్చింది.

నేను చేసిన మొదటి పని ఆమె తలమీద నీళ్లు పోయడం. చావు తగిలినా, గ్రహణం తగిలినా, కష్టం తగిలినా ముందు స్నానం. అది నాకు ఆలోచించి చేసే పని కాదు, చేతులే చేసేస్తాయి. నా చీర ఒకటి ఇచ్చి కట్టుకోమన్నాను. ఆమె బట్టలు సబ్బు నీళ్లలో నానబెట్టాను. ఆ పిల్ల నా ఒళ్లో పడుకుని ఏడ్చింది. ఊరటనిచ్చాననే అనుకున్నాను.

వాళ్ల నాయన, పెదనాయన రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. మూడోరోజు నేనే బయలుదేరదీసి స్టేషనుకు తీసుకుపోయాను. ఆడ కానిస్టేబుల్ ఒకామె నా మాట విని తల పట్టుకుంది.

"యాల పోసినావమ్మా నీళ్లు? ఉండే సాక్ష్యమంతా తూములోకి పోయె కదా!"

డాక్టరు పరీక్షలో ఏమీ దొరకలేదు. ఒంటిమీద గాయాలు కూడా పెద్దగా లేవు. పట్టుబడినవాడిది ఒకటే పాట. "మేమిద్దరం ఇష్టపడినాం సార్. ఆయమ్మే బండెక్కింది." ఎక్కిన మాట నిజమే కదా. ఇక మిగిలింది ఆ పిల్ల నోటి మాట ఒక్కటే. దాన్ని కోర్టు నమ్మితే కేసు నిలుస్తుంది, లేకపోతే అతను చేతులు దులుపుకుని మళ్లీ అదే మండీకి వస్తాడు.

అందుకే ఆ ఒక్క మాటను నేను వజ్రంలా తయారుచేయాలనుకున్నాను. ఆ పిల్ల పోలీసులకిచ్చిన వాంగ్మూలం నకలు వాళ్ల నాయన తెచ్చిచ్చాడు. విచారణకు ముందు నెలరోజులు, పారాయణం అయ్యాక ఆ పిల్లను కూర్చోబెట్టి వల్లె వేయించాను. ఒక్కో వాక్యం మూడుసార్లు, ఆ తర్వాత చివరి నుంచి మొదటికి. "సదరు వ్యక్తి నన్ను బలవంతముగా నిర్మానుష్య ప్రదేశమునకు తీసుకొనిపోయి..." చక్కగా పట్టుకుంది. నా శిష్యురాలు కదా.

ఒకసారి మధ్యలో ఆగింది. "అమ్మా, దీంట్లో తాడు లేదే?"

"లేనిది మనం కలపకూడదు. ఉండేది ఉన్నట్టు చెప్పు."

"నేను పోలీసోళ్లకు చెప్పినా గానీ..."

"చెప్పినా రాసుకోలేదు కదా. రాసింది చెప్పు చాలు."

ఆ పిల్ల మళ్లీ మొదటి వాక్యం అందుకుంది.

మదనపల్లె కోర్టులో ఇలాంటి కేసులు తలుపులు మూసి విచారిస్తారు. నేనూ సాక్షినే కాబట్టి నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుని, ఆమె ఇప్పుడు ఏ వాక్యంలో ఉంటుందో లెక్క వేసుకుంటూ నేనూ లోలోపల చెప్పుకుంటున్నాను. మధ్యాహ్నానికి ఆ పిల్ల వాళ్లమ్మతో బయటికి వచ్చింది. మొహం వాడిపోయింది.

"వాని లాయరు మళ్లా చెప్పు, మళ్లా చెప్పు అన్నాడమ్మా. మూడుసార్లు చెప్పినా. ఒక్క మాట తప్పలే. 'సదరు అంటే ఏందమ్మా' అన్నాడు. నాకేం తెల్సు? పేపర్లో ఉండాది సార్ అన్నా. నవ్వినాడు. ఎవురు నేర్పించినారు అన్నాడు. నువ్వే అని చెప్పేసినా. తప్పా అమ్మా?"

"జడ్జీ మేడమేమన్నారు?"

"నేర్చుకున్నేది వద్దు, నీకు జరిగింది నీ మాటతో చెప్పు అనె. అప్పుడు..."

"గమ్మునుండే!" అని వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగింది. "ఆయమ్మ కూడా సాక్షంట. లోపలి మాటలు ఈడ మాట్లాడగూడదని సార్ చెప్పలా?"

ఆ తర్వాత ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు తెలియలేదు. ప్రభుత్వ వకీలును అడగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను మీకేమీ చెప్పకూడదమ్మా. మీ వాయిదా నాడు రండి. అడిగింది చెప్పండి."

నా వాయిదాకు రెండు వారాలుంది. ఈలోగా పారాయణంలో ఇదే మాట.

"నేర్పలేదని ఒక్క మాట అనేస్తే పోతుంది కదక్కా," అంది మా పక్కింటామె. "మానం పోయే కాడ బొంకితే పాపం లేదని నువ్వే కదా అర్థం చెప్పినావు?"

"చెప్పినాను. ఆ మాట అన్నది ఎవరో కూడా చెప్పినాను. రాక్షసుల గురువు. శిష్యుడు వినలేదు, వినని వాడికే కీర్తి వచ్చింది."

"కీర్తితో పాటు పాతాళం కూడా వచ్చె కదక్కా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నా మనసులో ఊగిసలాట లేదు. ఆ పిల్ల ప్రమాణం చేసి నా పేరు చెప్పింది. నేను కాదంటే మా ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు కావాలి. అది ఆమె కావడానికి వీల్లేదు.

వాయిదా నాడు డిఫెన్సు లాయరు నన్ను చాలా మర్యాదగానే అడగడం మొదలుపెట్టాడు.

"ఆమెకు స్నానం చేయించింది, బట్టలు తడిపింది మీరేనా?"

"నేనే."

"ఏమమ్మా, పారాయణం నేర్పినట్టే కేసు కూడా నేర్పినారా?"

"నేర్పినాను సార్. మూడుసార్లు ముందుకు, ఒకసారి వెనక్కి."

ఆయన ఈ జవాబు ఇంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు. గొంతు పెంచాడు. "అయితే ఆమె ఈ కోర్టులో చెప్పిన ప్రతి మాటా మీరు నేర్పిందేనని నేను అంటున్నాను!"

"ఆమె ఏం చెప్పిందో నాకు తెలీదు సార్. కాగితంలో ఉండే ప్రతి మాటా నేర్పినాను. తాడు మాట మాత్రం చెప్పొద్దన్నాను. కాగితంలో లేదని."

జడ్జీగారు రాస్తున్న పెన్ను ఆపారు. "ఏ తాడు?"

ఆ శనివారం పొద్దున గడపలో నిలబడి అన్న మాటను, ఆ పిల్ల అన్నట్టే చెప్పాను. డోరుకు తాడు. గొర్లకు కట్టే ముడి కాదు. ఎంత పీకినా ఊడలే. ఆ మాట నేను ఎన్నడూ వల్లె వేయలేదు. ఒక్కసారి విన్నదే. అయినా అక్షరం జారలేదు.

లాయరు ఇంకేదో అడగబోయి, తన కాగితాలు తిరగేసి, కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో నాకు తీర్పు వచ్చాక గానీ అర్థం కాలేదు.

తీర్పు నకలు తెప్పించుకుని పారాయణం చేసినట్టే మొదటి నుంచి చివరి దాకా చదివాను. సొంత మాటతో చెప్పమన్న రోజు ఆ పిల్ల మొట్టమొదట చెప్పింది తాడు గురించేనట. పోలీసు వాంగ్మూలంలో లేదు కాబట్టి అది తర్వాత అల్లిన కల్పన అని లాయరు వాదించాడు. కానీ పోలీసులు వ్యానును పట్టుకున్న రోజు తీసిన ఫోటోల్లో, ఎవరూ పట్టించుకోని ఒకదాంట్లో, ఎడమ డోరు పిడి నుంచి సీటు కింది ఇనుప కడ్డీ దాకా నైలాను తాడు బిగించి ఉంది. దాన్ని ఆ పిల్లకు ఎవరూ చూపలేదు, నాకూ చూపలేదు. స్టేషను గడప తొక్కకముందే, ఆ శనివారం పొద్దునే ఆమె తాడు మాట అన్నదని నా సాక్ష్యంతో తేలింది కాబట్టి అది తర్వాత అల్లింది కాదని రాశారు. బండెక్కింది పుంగనూరు దాకా మాత్రమేనని, అక్కడి నుంచి ఆమె ఇష్టంతో పోలేదనడానికి ఆ ముడే నిదర్శనమని రాశారు. స్నానం చేయించారు కాబట్టి వైద్యపరీక్షలో ఏమీ దొరక్కపోవడంలో వింత లేదని, గాయాలు లేనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని, ఇళ్లలో ఇలాంటప్పుడు రెండు రోజుల ఆలస్యం సహజమని రాశారు. నమ్మదగినదైతే ఆమె మాట ఒక్కటే చాలునని కూడా రాశారు.

నా గురించి ఒక పేరా ఉంది. వల్లె వేయించడం వల్ల నిజమైన సాక్ష్యం కూడా చిలకపలుకుల్లా వినిపించే ప్రమాదం తెచ్చిపెట్టారని ఉంది. సరైన మాట. దాని కింద పెన్సిలుతో గీత పెట్టుకున్నాను.

శిక్ష వినిపించిన రోజు నేను, ఆ పిల్ల, వాళ్లమ్మ మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం నిలబడ్డాం. ఆ పిల్ల సంచిలోంచి వాంగ్మూలం నకలు తీసి నా చేతిలో పెట్టింది. మడతలు చిరిగిపోయి ఉన్నాయి.

"నీకాడే పెట్టుకో అమ్మా. నాకు ఇంగ రాదు."

"అప్పుడే మర్చిపోయినావా?"

"పేపరు మర్చిపోయినా. అది మర్చిపోలే."

బస్సు వచ్చింది. డోరు పక్క సీటు ఖాళీగా ఉంటే వాళ్లమ్మ కూర్చోబోయింది. ఆ పిల్ల ఆమెను పక్కకు జరిపి, తానే అక్కడ కూర్చుంది.