చెవి అందని పిల్ల

నేను గొప్పలు చెప్పుకుంటానని మా ఇంట్లో వేళాకోళం చేస్తారు. చెయ్యనీ. ఈ ఒక్క సంగతి మాత్రం చచ్చేదాకా చెప్పుకుంటాను.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో జమ్మలమడుగు మగ్గాల వీధిలో నేను బాలవాడి పంతులమ్మను. బడి ఈడు రాని పిల్లలు ముప్పైమంది వచ్చేవాళ్లు. "పాటలకూ గంతులకూ సర్కారు జీతమిస్తాందంట!" అని వీధివాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నాలుగేళ్ల పిల్లకు తన వంతుదాకా ఆగడం, విన్న కథను సొంత మాటల్లో చెప్పడం నేర్పి చూడండి, తలప్రాణం తోకకొస్తుంది.

వాళ్లలో ఒక నేతగాడి కూతురు ఉండేది. వచ్చిన కొత్తలో నా కొంగు వదిలేది కాదు, నోట్లో నుంచి మాట వచ్చేది కాదు. రెండేళ్లు తిరిగేసరికి నా దగ్గర వాగుడుకాయ అయింది. పాలపొడి పాలు పోసేటప్పుడు చిన్నవాళ్లను వరసలో కూర్చోబెట్టేది అదే. మనిషి మాత్రం పిడికెడు.

"ఈ యేడు బడిలో చేర్చుకుంటే సరి. లేకుంటే రాట్నం ముందర నూలు కండెలు చుట్టను కూర్చోబెడతా" అని వాళ్ల నాయన తేల్చేశాడు. రాట్నం ముందు కూర్చున్న ఆడపిల్ల మళ్లీ లేచి బడికి పోవడం ఆ వీధిలో నేను చూడలేదు.

బడి తెరిచిన రోజు వాళ్లిద్దరితో నేనూ పోయాను. అప్పట్లో పుట్టిన తేదీలు ఎవరికి గుర్తు? కుడిచెయ్యి తలమీదుగా తెచ్చి ఎడమచెవి పట్టుకుంటే అయిదేళ్లు నిండినట్టు. దీని వేళ్లు చెవికి అంగుళం పైనే ఆగిపోయాయి.

"అందలేదు. వచ్చే యేడు రాండి" అన్నాడు హెడ్‌మాస్టరు.

"అయిదు నిండినాయి సార్. చెయ్యి పొట్టిదయితే బుద్ధి పొట్టిదా?"

"రూలు రూలే, పంతులమ్మా."

"నేను చెప్తి గదా" అని వాళ్ల నాయన వెనక్కి తిరిగాడు. కోపంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అంతలో పక్కన ఒకటో తరగతి గదిలో కొత్తగా చేరిన వాడొకడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ని చూసి అందరూ మొదలుపెట్టారు. హెడ్‌మాస్టరు పోయి బెత్తంతో బల్లమీద కొట్టాడు. ఏడుపు రెట్టింపయింది. నేను చూసేసరికి మా పిల్ల వాళ్ల మధ్య ఉంది. అందరికంటే ఎక్కువ ఏడుస్తున్న వాడి ముక్కు తన పావడా అంచుతో తుడిచింది.

"ఏడవగాకు. మీయమ్మ యాడికీ పోలేదులే, సాయంత్రం వస్తాది. అందరూ గుండ్రంగా కూసోండి, నక్క కత చెప్తా."

చెయ్యి పట్టి ఒక్కొక్కరినే కూర్చోబెట్టింది. నేను చెప్పిన కథే, కానీ నక్క చేత మగ్గం నేయించడం దాని సొంతం. కథ సగానికి రాకముందే గదిలో ఏడుపు లేదు. నేను ఒక్క సైగ చేసి ఉంటే ఒట్టు! ఆ క్షణాన నన్ను పట్టడానికి జమ్మలమడుగు చాలలేదు.

"నా ముందర నోరు తెరవదే ఇది! యాడ నేర్చినాది?" అన్నాడు వాళ్ల నాయన.

"ఆటల్లోనప్పా. మీరు నవ్విన ఆటల్లోనే" అన్నాను.

హెడ్‌మాస్టరు బెత్తం పక్కన పెట్టి పిల్లను పిలిచాడు. "ఏదీ, ఇంకోసారి చెవి పట్టుకో."

అది చెయ్యి చాచింది. మళ్లీ అంగుళం తక్కువే. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"తల రవంత వంచు పాపా."