లాభం లేని అరిసెలు

లెక్కల మాస్టారుకి వంటింట్లో కూడా లెక్కలే కనిపిస్తాయి. జనగామలో పుట్టి పెరిగిన నాకు బియ్యమైనా పప్పైనా కిలో ప్యాకెట్లలోనే తెలుసు. ఉద్యోగం భూపాలపల్లికి మారాక చిన్న డిజిటల్ తూకం మిషన్ ఒకటి కొని స్టవ్ పక్కన పెట్టుకున్నాను. దాన్ని చూస్తే నాకు గర్వం, నా భార్యకు నవ్వు.

ఆమెకు మూడో నెల వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. ఏం తిన్నా కడుపులో ఇమడడం లేదు. బరువు తగ్గుతోంది, ఏదో ఒకటి తినిపించండి అంది డాక్టరమ్మ. ఏం తినాలనుందని అడిగితే నా భార్యది ఒకటే మాట, అవ్వ చేసే అరిసెలు. అవ్వ అంటే వాళ్లమ్మ, మా అత్తమ్మ. ఆవిడేమో కేసముద్రంలో వాకిట్లో జారిపడి కుడిచేతికి పట్టీతో కూర్చుంది. సరే, నేనే చేస్తానన్నాను. నా వల్ల కాదని అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆదివారం మిషన్‌ను సంచిలో వేసుకుని కేసముద్రం పోయాను. అత్తమ్మకు గ్రాములు తెలియవు. ఆమెకున్నదల్లా సొట్టలు పడిన ఇత్తడి సోల. బియ్యం ఐదు సోలలు, తరిగిన బెల్లం మూడు సోలలు, అంతే. ఎడమచేత్తో మొదటి సోల బియ్యం చాటలో పోస్తూ "లాభం" అంది. ఎంత భక్తిగా అందంటే, అది దేవుడి వాటా అనుకుని నేను తూచలేదు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు అంటూ కొలిచినవన్నీ ఆమె చేతిలోంచి తీసుకుని, తూచి, నోటుబుక్కులో రాశాను. బెల్లానికీ అంతే. కింద గీత కొట్టి మొత్తం కూడా వేశాను.

ఇంటికొచ్చి ఆ తూకం ప్రకారమే బియ్యం నానబెట్టి, గిర్నిలో పిండి పట్టించి, పాకం పట్టి అరిసెలు కాల్చాను. వాటితో గోడకు మేకులు కొట్టొచ్చు. నా భార్య ఒకటి కొరికి, పన్ను ఉందో లేదో తడిమి చూసుకుని, నోటుబుక్కు తెమ్మంది.

"రెండు కాడికెల్లి రాసిన్రు. లాభమేది?"

దేవుడిది కదా అన్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నెలన్నర తర్వాత వినిపించిన ఆ నవ్వు కోసం ఇంకో రెండు కిలోల బియ్యమైనా పాడు చేసేవాణ్ణి. నవ్వు ఆగాక చెప్పింది. వాళ్లింట్లో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరట. మొదటిదాన్ని లాభం అంటారు, అక్కణ్ణుంచి రెండు. అంటే నేను ఐదు సోలల బియ్యానికి నాలుగే తూచాను, మూడు సోలల బెల్లానికి రెండే. బియ్యంలో ఐదో వంతు పోతే బెల్లంలో ఏకంగా మూడో వంతు పోయింది. ఆ వారమే పిల్లలకు నిష్పత్తులు చెప్పి వచ్చిన మనిషిని, నాకు సిగ్గేసింది.

లాభం కలిపి మళ్లీ చేశాను. ఆమె రెండు అరిసెలు తింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. గంట గడిచింది, అవి కడుపులోనే ఉన్నాయి. ఇంకోటుందా అని అడిగింది. ఆ సంతోషంలో ఏం చేయాలో తోచక, వంటింట్లోకి పోయి ఖాళీ పళ్లెం తూచి వచ్చాను.

పుట్టింటికి దగ్గరని కాన్పు మహబూబాబాద్ దవాఖానలో అయింది. ఆడపిల్ల. నర్సు తూకం చెప్పగానే అలవాటు కొద్దీ జేబులో పెన్ను వెతుక్కున్నాను. పట్టీ ఎప్పుడో విప్పేసిన చేతులతో అత్తమ్మ పాపను అందుకుంది.

"తూకమెందుకు బిడ్డా," అని పాప నుదుటి మీద ముద్దు పెట్టి, "లాభం" అంది.

మంచం మీది నుంచి నా భార్య నీరసంగానే నా వైపు తిరిగింది.

"రెండు అని మాత్రం ఇప్పుడే అనకుండ్రి."