ఉచి పొయ్యి ఆర్పింది నేను

మా అమ్మమ్మ షంసినార్‌ను ఇంటిల్లిపాదీ ఉచి అనే పిలిచేవాళ్లం. సింగ్కారక్ సరస్సు పక్కన మా ఊరు. ఊళ్లో పెళ్లి కుదిరితే మొదటి కబురు మసీదు పెద్దకు, రెండోది ఉచికి వెళ్లాలి. రెండోది ఆలస్యమైతే ఆవిడ ఊరుకునేది కాదు.

పదహారో ఏట పెళ్లయింది. తాతయ్య దూరాన మేదాన్ పట్నంలో బట్టలమ్మేవాడు, రంజాను నెలకు ఇంటికొచ్చేవాడు. ఒక ఏడు రాలేదు. అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని తెలిసింది. ఇరుగుపొరుగు ఏడుస్తూ వస్తే ఉచి వాళ్లకు కాఫీ పోసి, "ఇల్లు మా అమ్మది, పొలం మా అమ్మది, పిల్లలు నావాళ్లు. ఆయన పట్టుకుపోయింది ఒక్క గొడుగే. వానాకాలం వస్తోంది, అదైనా పంపమనండి" అందట.

తిరుగుబాటు రోజుల్లో సైనికులు ధాన్యం కోసం ఇల్లిల్లూ వెతికారు. ఉచి గాదె ముందు చాప పరుచుకుని పడుకుని పురిటి నొప్పులంటూ కేకలు పెట్టింది. సైనికులు సిగ్గుపడి వెనక్కి తిరిగారు. అప్పటికి మా మామయ్య బస్రీల్ పుట్టి మూడు నెలలు. వాడిని కొంగు కిందే దాచిందట, పాలు తాగుతూ కిక్కురుమనలేదట.

ఏడుగుర్ని కని, ఇద్దర్ని మట్టిలో పెట్టి, ఐదుగుర్ని పెంచింది. వాటాల తగువులు తీర్చింది. కానీ ఊరు ఆవిడను తలుచుకునేది రెందాంగ్‌కు. పెళ్లిళ్లలో కొబ్బరిపాలలో గొడ్డుమాంసం వేసి, అది నల్లబడి నూనె తేలేదాకా ఆరేడు గంటలు కట్టెల పొయ్యి ముందు నిలబడేది. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు. "పాలు కాగేటప్పుడు నోళ్లు మూసుకోండే! విరిగితే పెళ్లికొడుకు వాళ్లు మిమ్మల్నేమీ అనరు, నన్నంటారు" అని గరిటెతో బెదిరించేది.

ఇక నేను చేసింది చెప్పాలి.

ఉచికి ఎనభై ఒకటి. నాకు ఇరవై నాలుగు, ఊరి బళ్లో టీచరు ఉద్యోగం. రిస్వాన్ అనే పాడాంగ్ పట్నం అబ్బాయితో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం ఉచి పొయ్యి మీద సరస్సు చేపలు వేయిస్తున్నాను. రిస్వాన్ ఫోను చేశాడు. ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు, కంచె దాకా వెళ్లాను. నవ్వుతూ మాట్లాడుతున్నాను. వెనక్కి తిరిగేసరికి వంటింటి వెదురు గోడ మండుతోంది.

చేపల మడుగు నుంచి బిందెలతో నీళ్లు మోసి ఊరంతా ఆర్పారు. పెద్దింటికి అంటుకోలేదు, వంటిల్లు బూడిదైంది. నమాజు చేసుకుంటున్న ఉచి ఆ తెల్లబట్టలతోనే బయటికి వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా, బాణలి పెట్టి మర్చిపోయావా?" అన్నాడు మామయ్య. కోపంగా కాదు, జాలిగా.

"నేనా? నేను పెట్టలేదు కదరా..." అంది ఉచి. తర్వాత తనలో తాను, "పెట్టానా?" అంది.

అమ్మ నావైపు తిరిగింది. "నువ్వెక్కడున్నావే యెల్నీ?"

"కంచె దగ్గర" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

కొత్త వంటింట్లో గ్యాస్ స్టవ్ పెట్టారు. అమ్మ అగ్గిపెట్టెలు దాచింది. ఉచికి ఒక పీట వేసి, ఉల్లిపాయలు ఒలవమన్నారు. పెళ్లి కబుర్లు పక్కింటి నూర్జానిస్ పిన్నికి వెళ్లడం మొదలైంది. అవన్నీ నేను ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి. ఉచి తన బుర్రను తాను నమ్మడం మానేసింది. "నేను అన్నం తిన్నానటే?" అని అడిగేది. తిన్న కంచం ఎదురుగానే ఉండేది. ఎనభై ఏళ్లు ఎవరి మాటకూ తలొంచని మనిషి, మనవలతో "నాకేం తెలుసురా, నేను మతిమరుపు దాన్ని" అనేది. ప్రతిసారీ నేను పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేదాన్ని.

మూడేళ్లు గడిచాయి. నా పెళ్లి మాటలు ఇంకా తేలలేదు. ఒక సాయంత్రం మెట్ల మీద ఉచి తలకు నూనె రాస్తూ, ముఖం కనబడని ధైర్యంతో చెప్పేశాను. "ఉచీ, ఆ రోజు బాణలి పెట్టింది నేను. ఫోనులో పడి మర్చిపోయాను."

ఉచి నా చెయ్యి తల మీద నుంచి తీసేసింది.

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు."

"నాకు చెప్తే ఏమొస్తుందే? నేను మీ అమ్మకు చెప్తే, ముసలిదానికి మతి పోయిందంటుంది. నువ్వు చెప్పు. నా పొయ్యి నాకు ఇప్పించు."

"చెప్తాను ఉచీ. రిస్వాన్ వాళ్లు వచ్చి వెళ్లనీ."

"ఎప్పుడొస్తారు?"

"పై నెల."

జుట్టు తనే ముడేసుకుని లోపలికి వెళ్లింది. రిస్వాన్ వాళ్లు వచ్చారు, వెళ్లారు, పెళ్లి ఖాయమైంది. నేను చెప్పలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు, కానీ భోజనాల దగ్గర ఒక్కోసారి నావైపు చూసేది. నేను పళ్లెంలోకి చూసుకునేదాన్ని. పెళ్లి నాటి రెందాంగ్ నూర్జానిస్ పిన్నే వండింది. ఆ వానల్లో జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో ఉచి పోయింది.

నూరో రోజు ప్రార్థనకు బంధువులంతా చేరారు. మామయ్య తల్లి కథలు చెప్పాడు. గొడుగు మాటకు నవ్వారు, పురిటి నొప్పులకు ఇంకా నవ్వారు. "చివరికి వంటిల్లే తగలబెట్టేసింది, పాపం పిచ్చితల్లి" అన్నాడు. అందరూ ప్రేమగానే నవ్వారు.

"ఉచి కాదు మామయ్యా, నేను" అన్నాను. నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. మొత్తం చెప్పాను, ఆవిడ పొయ్యి అడిగిన సంగతితో సహా.

మామయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడా యెల్నీ చెప్పేది? ఇప్పుడా?"

అమ్మ గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది. "అగ్గిపెట్టెలు దాచింది నేను" అంది ఎవరితోనో అన్నట్టు. "మా అమ్మకు కనబడకుండా బియ్యం డబ్బాలో దాచాను." గిన్నె అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్లింది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు కూడా, ఉప్పు ఎక్కడుందని అడిగింది, అంతే.

మామయ్య శుక్రవారం మసీదు దగ్గర నలుగుర్నీ ఆపి జరిగింది చెప్పాడు. ఊరు మాత్రం పాత కథనే ఉంచుకుంది. ముసలావిడ మతిమరుపుతో వంటిల్లు కాల్చుకోవడం ఎక్కువ బాగుంటుంది కాబోలు. ఎక్కడ విన్నా నేను ఆగి, అది నా పని అని చెబుతాను. మొన్న సంతలో మిరపకాయలమ్మే ఆవిడకు కూడా చెప్పాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కళ్లు తుడుచుకుంది. "పోయిన మనిషి మీద మాట పడకూడదని నీ మీద వేసుకుంటున్నావా తల్లీ? మనవరాలంటే నీలా ఉండాలి" అంది.

కాదని మరోసారి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నా సంచిలో గుప్పెడు మిరపకాయలు ఎక్కువ వేసింది.